పాత బుల్లెట్‌లో పుష్‌రాడ్ల మధ్య దాగి ఉన్న నట్టు: ఎలా అందుకోవాలి, ఎంత బిగించాలి?

ప్రశ్న
రాయచోటి దారి, కడప

అందరికీ నమస్కారం. మా నాన్న బుల్లెట్ గురించి అడుగుతున్నాను. 350 సీసీ, 1978 నాటి బండి. పోత ఇనుము బోరు (సిలిండరు), కుడికాలికి గేర్లు, ఎడమకాలికి బ్రేకు. నాన్న దీన్ని 1986లో ఒక రైతు దగ్గర కొన్నారు. అప్పటి నుంచి కడప, రాయచోటి మధ్య ఆయన తిరుగుడంతా దీని మీదే. మోకాళ్లు సహకరించక, కిక్కు కొట్టలేక, నాలుగేళ్ల క్రితం తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆదివారాలు నేను బండి తీస్తాను. ఆయన అరుగు మీద కూర్చుని శబ్దం వింటారు. టాపెట్ కాస్త మోగినా నాకంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

రెండు నెలలుగా బోరు అడుగున, అది క్రాంక్‌కేసు (ఇంజను కింది పెట్టె) మీద కూర్చునే చోట ఆయిలు చెమరుస్తోంది. ఊళ్లో తిరిగితే పెద్దగా కనిపించదు. గువ్వలచెరువు ఘాటు ఎక్కి పాలకోవా అంగళ్ల దగ్గర ఆపితే మాత్రం కుడివైపు, టాపెట్ మూత కింద, సన్నని గీత ఒకటి మెరుస్తూ దిగుతుంది. కిందటి వారం అది నా బూటు మీద పడింది. ఇంటికి వచ్చాక నాన్న బూటు చూశారు, ఏమీ అనలేదు. గుడ్డ తెచ్చి ఇంజను తుడవడం మొదలుపెట్టారు.

బోరు చుట్టూ బయటికి కనిపించే నట్లన్నీ పరీక్షించాను. ముందువైపువి పానాకు సులభంగా అందాయి. వెనకవి కార్బురేటర్ విప్పితే గానీ అందలేదు. ఒకటి కొద్దిగా తిరిగింది, మిగిలినవి గట్టిగానే ఉన్నాయి. అసలు చిక్కు లోపలి నట్టుతో వచ్చింది. టాపెట్ మూత తీస్తే రెండు పుష్‌రాడ్లు (వాల్వులను తెరిచే కడ్డీలు), వాటి కింద సర్దుబాటు నట్లు కనిపిస్తాయి. ఆ రెండింటి నడుమ, బాగా లోపలికి, బోరును కిందికి పట్టి ఉంచే నట్టు మరొకటి ఉంది. టార్చి వేస్తే దాని ఒక పక్క, రెండు మూలలు మాత్రమే కనిపిస్తాయి. బాక్సు పానా పైనుంచి దిగదు. రింగు పానా లావు వల్ల లోపలికి పోదు. మామూలు నోటి పానా ఏటవాలుగా దూరిస్తే పట్టుకుంటుంది కానీ, ఇటు రాడ్డుకు అటు రాడ్డుకు మధ్య అది తిరిగేది గడియారం పెద్దముల్లు ఐదు నిమిషాల్లో నడిచేంత దూరమే. పైగా 15 పానా ఎక్కడం లేదు, 16 పెడితే వదులుగా ఆడుతోంది.

ఊళ్లో ఒక షాపుకు తీసుకెళ్లాను. అక్కడి కుర్రవాడు బయటి నట్టు ఒకదాని మూలకు ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. నేను వద్దు అనేలోపే రెండో దెబ్బ పడింది. నట్టు తిరగలేదు. దాని మూల మాత్రం విరిగిన పంటిలా తయారైంది. ఆ రోజే బండి తోసుకుంటూ ఇంటికి తెచ్చాను. మళ్లీ ఎవరి చేతికీ ఇవ్వాలని లేదు. నేనే చెయ్యాలని నిర్ణయించుకున్నాను, తొందర లేదు, ఎన్ని ఆదివారాలైనా పట్టనివ్వండి.

నాకు తెలియాల్సినవి ఇవి. బోరు, దాని పైనుండే హెడ్డు విప్పకుండా ఆ లోపలి నట్టును అందుకునే పద్ధతి ఉందా? అందిన తరువాత ఎంత బిగించాలో చేతికి ఎలా తెలుస్తుంది? బిగువును కొలిచే టార్కు పానా ఆ సందులోకి పోయే ప్రశ్నే లేదు. అసలు బిగిస్తే ఈ కారడం ఆగుతుందా, లేక బోరు కింది కాగితం ప్యాకింగు మార్చాల్సిందేనా?

జవాబు 1
హంద్రీ గట్టు, కర్నూలు

పానా పట్టే ముందు ఒక్క ఆదివారం ఆగండి. ఆయిలు ఎక్కడ కనిపిస్తుందో అక్కడే పుడుతోందని అనుకోవద్దు. ఈ ఇంజనులో పైన కారినదంతా ఫిన్ల (బోరును చల్లబరిచే రెక్కల) మధ్య దిగి చివరకు బోరు అడుగుకే చేరుతుంది. నేను మూడు నెలలు అడుగు ప్యాకింగును తిట్టుకుని, తీరా చూస్తే పైన ఒక రాగి వాషరు కారుతోందని తెలుసుకున్నాను.

కిరోసిన్, పళ్లు తోమే బ్రష్షు తీసుకుని కుడివైపంతా శుభ్రంగా కడగండి. పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరనిచ్చి, హెడ్డు నుంచి క్రాంక్‌కేసు దాకా ముఖానికి వేసుకునే పౌడరు చల్లండి. ఐదారు కిలోమీటర్లు నెమ్మదిగా పోయి ఆపి చూడండి. తడి మొదట ఏ చోట ముద్ద కట్టిందో అదే పుట్టుక. దూరం పోతే గాలికి అంతా కలిసిపోయి ఏమీ తెలియదు.

ముఖ్యంగా రెండు చోట్లు చూడండి. హెడ్డులో వాల్వులను నొక్కే రాకర్లకు ఆయిలు మోసే సన్న గొట్టం బయటి నుంచే హెడ్డు దాకా పోతుంది. దాని కొనలను పట్టే బాంజో బోల్టులకు (లోపల బోలుగా ఉంటాయి) ఇరుపక్కలా రాగి వాషర్లు ఉంటాయి. రాగి నలిగిన కొద్దీ గట్టిపడుతుంది, ఆ తరువాత ఎంత బిగించినా అతుక్కోదు. కొత్తవి దొరక్కపోతే పాతవే గ్యాసు పొయ్యి మీద ఎర్రబడే దాకా కాల్చి నీళ్లలో వేయండి, మళ్లీ మెత్తబడతాయి. నల్లటి పొక్కు మాత్రం సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది తీసేయండి.

రెండోది క్రాంక్‌కేసు ఊపిరి. సింగిల్ సిలిండర్ కాబట్టి పిస్టన్ దిగిన ప్రతిసారీ దాని కింద సుమారు 346 సీసీల గాలి నొక్కుకుపోతుంది. అది బయటికి పోయే గొట్టం చివర బాతుముక్కు లాంటి రబ్బరు ఉంటుంది. బయటికి వదిలి, లోపలికి రానివ్వకుండా మూసుకోవడం దాని పని. అది ఎండి బిగుసుకుంటే లోపలి ఒత్తిడి ప్యాకింగుల సందుల్లోంచి ఆయిలును బయటికి తోస్తుంది. ఘాటు ఎక్కినప్పుడే ఎక్కువగా కారుతోంది అన్నారు కదా, అందుకే ఆ రబ్బరు మీద నాకు అనుమానం. వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా ఉండాలి.

జవాబు 2
పాత ఫిట్టర్, ప్రొద్దుటూరు

నాయనా, ఆ నట్టుతో నాకు నలభై ఏళ్ల పరిచయం. బోరు విప్పేటప్పుడు దాన్ని మరిచిపోయి, బోరు లేవడం లేదని కింది నుంచి కొట్టి ఫిన్లు విరగ్గొట్టుకున్న వాళ్లను చాలామందిని చూశాను. నువ్వు దాన్ని కనిపెట్టావు, సగం పని అయింది. హెడ్డు విప్పకుండానే అందుకోవచ్చు.

దానికి కొన్న పానా పనికిరాదు, చేసుకున్న పానా కావాలి. సరైన కొలత నోటి పానా ఒకటి పాత ఇనుము అంగడిలో వెతుకు. పాత పానాలో ఉక్కు బాగుంటుంది, పోయినా బాధ లేదు. దాని నోటి పక్కలను గ్రైండరు మీద కొద్దికొద్దిగా సన్నం చెయ్యి. ఒక్కసారి రాయికి తాకించగానే నీళ్లలో ముంచు. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కిందంటే నువ్వు తొందరపడ్డావని అర్థం. నీలం రంగు తిరిగిందా, ఆ ఉక్కులో బలం పోయినట్టే, నోరు తెరుచుకుంటుంది. సన్నం చేసేది బయటి పక్కలనే. నట్టును పట్టే లోపలి ముఖాలకు ఆకురాయి కూడా తగలకూడదు. పిడిని పదిహేను సెంటీమీటర్లకు కొయ్యి. పొడుగు పిడి ఉంటే తెలియకుండానే బలం ఎక్కువవుతుంది.

పని తెల్లవారుజామున పెట్టుకో. రాత్రంతా చల్లారిన ఇంజను మీదే బిగించాలి. ముందు పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకి తీసుకురా. రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి కాబట్టి టాపెట్ సర్దుబాటు బాగా వదులు చేస్తే రాడ్లు వేలికి అటూ ఇటూ కదులుతాయి. నీకు కావలసిన సందు అక్కడ దొరుకుతుంది. టాపెట్ గది అడుగున ఆయిలు దిగే రంధ్రాలు ఉంటాయి, వాటిలో గుడ్డ పీలిక కుక్కు. పీలిక చివర బయటికి వేలాడుతూ ఉండాలి, లేకపోతే మూత వేసేటప్పుడు దాన్ని మరిచిపోతావు.

నట్టును వెంటనే బిగించవద్దు. ముందు రోజు రాత్రి దాని మెడలో రెండు చుక్కల డీజిల్ వెయ్యి. పొద్దున నట్టుకు, పక్కన ఇనుముకు కలిపి గోళ్ల రంగుతో గీత పెట్టు. ఎనిమిదో వంతు చుట్టు వదులు చేసి, తరువాత బిగించు. ఏళ్ల తరబడి కదలని నట్టును అలాగే బిగిస్తే చేతికి తెలిసే బిగువంతా తుప్పుదే. వదిలి బిగిస్తే మర శుభ్రంగా తిరుగుతుంది, అప్పుడు తెలిసేది నిజమైన బిగువు. వదిలేటప్పుడు కిర్రుమని ఒక్క శబ్దం వస్తుంది, భయపడకు. బయటి నట్లకు కూడా అలాగే, ఒకదాని తరువాత దాని ఎదురుది, రెండు మూడు విడతల్లో.

ఇక ఎంత బిగించాలి అన్నావు. కూరగాయలు తూచే స్ప్రింగు కాటా ఉంటుంది చూడు, దాని కొక్కేన్ని పానా పిడి చివర తగిలించు. నట్టు నడిమి నుంచి కొక్కెం దాకా స్కేలుతో కొలువు. అది 15 సెంటీమీటర్లు ఉండి, కాటా 10 కిలోలు చూపిస్తే నట్టు మీద పడేది 1.5 కిలోగ్రామ్ మీటర్లు. న్యూటన్ మీటర్లు కావాలంటే 9.8తో హెచ్చించుకో. నీ బండి చేతిపుస్తకంలో ఉన్న అంకెను ఇలా కిలోల్లోకి మార్చుకుని ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకో. పానా వంకరగా ఉన్నా లెక్క మారదు, కొలవాల్సింది నట్టు నడిమికి, కొక్కేనికి మధ్య తిన్నని దూరం. లాగడం మాత్రం ఆ దూరానికి అడ్డంగా, లంబంగా ఉండాలి. ఏటవాలుగా లాగితే కాటా అబద్ధం చెబుతుంది.

ఆ అంకె దాటి ఒక్క కిలో కూడా లాగవద్దు. ఆ నట్టు ఎక్కే స్టడ్డు (తల లేని బోల్టు) దిగి ఉన్నది అల్యూమినియంలోకి. అందులో మర చెడిందంటే ఇంజను మొత్తం దించాల్సి వస్తుంది.

జవాబు 3
గడియారస్తంభం, అనంతపురం

పెద్దాయన చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. పానా కొలత గురించి చెప్పాల్సింది మిగిలింది. 15 ఎక్కడం లేదు, 16 వదులు అన్నారంటే అది మిల్లీమీటరు నట్టు కానే కాదు. బుల్లెట్ ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టింది, 1955 నుంచి మద్రాసులో తయారైంది. దాంతోపాటు బ్రిటిష్ అంగుళాల మరలు కూడా వచ్చాయి. వీటిలో చాలామంది పొరపడేది ఒకచోట. విట్‌వర్త్ (ఆ పాత బ్రిటిష్ మరల పద్ధతి) పానా మీద కొట్టిన అంకె నోటి వెడల్పును చెప్పదు, బోల్టు మందాన్ని చెబుతుంది. 1/4 విట్‌వర్త్ పానా నోరు 0.525 అంగుళాలు, అంటే 13.3 మిల్లీమీటర్లు. 5/16 పానా నోరు 0.600 అంగుళాలు, 15.2 మిల్లీమీటర్లు. 3/8 అయితే 0.710, అంటే 18. బీఎస్‌ఎఫ్ (బ్రిటిష్ సన్న మర) నట్లకు ఒక కొలత తగ్గుతుంది కాబట్టి 3/8 బీఎస్‌ఎఫ్ నట్టుకు 5/16 విట్‌వర్త్ పానాయే సరిపోతుంది. పాత పానాల మీద రెండు అంకెలు పక్కపక్కనే ఉండేది అందుకే. మీది బహుశా 15.2. వెర్నియర్‌తో బయటి నట్టును కొలిచి ఖాయం చేసుకోండి. అలాంటి నట్టు మీద 16 పానా పెట్టి గట్టిగా లాగితే మూలలు గుండ్రమవుతాయి. ఆ లోపలి నట్టు మూలలు పోతే తరువాత దాన్ని పట్టుకునే మార్గమే ఉండదు.

ఐదు నిమిషాల ముల్లు అంత జాగా అన్నారు, అంటే 30 డిగ్రీలు. నోటి పానాకు అది సరిగ్గా చాలు. దాని నోరు పిడికి 15 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటుంది. ఒకసారి తిప్పాక పానాను బోర్లించి పెడితే తరువాతి పట్టు దొరుకుతుంది. అందుకని కోసేటప్పుడు, వంచేటప్పుడు ఆ 15 డిగ్రీలను చెడగొట్టకండి. పానాను మధ్యలో వంచితే బోర్లించడం కుదరదు, కాబట్టి వీలైతే తిన్నగానే ఉంచండి. తప్పనిసరిగా వంచాల్సి వస్తే రెండు పానాలు చేసుకోండి, ఒకటి పైకి వంచింది, ఒకటి కిందికి వంచింది.

బయటి నట్లకు టార్కు పానా వాడతానంటే కాకికాలు లాంటి నోటి ముక్క దాని చివర తగిలించవచ్చు. అది టార్కు పానాకు లంబంగా ఉంటే అంకె దాదాపు మారదు. తిన్నగా ముందుకు పొడిగిస్తే మారుతుంది. టార్కు పానా పొడవు 30 సెంటీమీటర్లు, ముక్క 5 సెంటీమీటర్లు అనుకోండి. 2 కిలోగ్రామ్ మీటర్లు కావాలంటే 2ను 30తో హెచ్చించి 35తో భాగించాలి, 1.7 దగ్గర పెట్టాలి. ఈ లెక్క వేయకుండా బిగించడం వల్లనే మా స్నేహితుడి బండిలో స్టడ్డు ఊడి వచ్చింది.

మరొకటి. మరకు ఆయిలు తగిలితే అంకె అర్థమే మారిపోతుంది. మనం పెట్టే బలంలో సుమారు పదో వంతే బోల్టును సాగదీయడానికి పోతుంది, మిగిలినదంతా రాపిడి తినేస్తుంది. పుస్తకంలో ఉన్నది పొడి మరకు చెప్పిన అంకె అయితే, డీజిల్‌తో తడిసిన మర మీద అంతే బలం పెడితే స్టడ్డు మీద లాగుడు ఎక్కువవుతుంది. డీజిల్ వేస్తే వేయండి, బిగించే ముందు గుడ్డతో తుడిచి, అంకెలో కింది అంచు దగ్గరే ఆగండి.

ప్రశ్న అడిగినవారు
రాయచోటి దారి, కడప

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారాలు. ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. కాటా సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. ఒక సందేహం. బిగించాక కూడా కారితే ఎన్నిసార్లు మళ్లీ బిగించి చూడవచ్చు?

పాత ఫిట్టర్, ప్రొద్దుటూరు

ఒక్కసారే. అంకెకు తెచ్చావు, నూరు కిలోమీటర్లు తిరిగావు, చల్లారాక మళ్లీ అదే అంకె దగ్గర చూశావు. ఆ తరువాత కూడా కారితే ప్యాకింగు చచ్చిందని అర్థం. ఆయిలు తాగిన కాగితం ఎంత నొక్కినా ఊరుకోదు, బోరు లేపాల్సిందే. అప్పుడు బోరు అడుగు ముఖం చదునుగా ఉందో లేదో కూడా చూడు. మీ ఊళ్లో బండలకు కొదవ లేదు కదా, నున్నటి కడప బండ మీద మందపాటి అద్దం ముక్క, దాని మీద ఎమెరీ కాగితం పరిచి బోరును నెమ్మదిగా నాలుగుసార్లు జరిపితే ఎత్తుపల్లాలు మెరుపులో తెలిసిపోతాయి. బండ మీదే నేరుగా రుద్దకు, చూపుకు నున్నగా ఉన్నా అందులో అలలు ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత
రాయచోటి దారి, కడప

పని అయింది. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను, ఇదే నట్టుతో అవస్థ పడే వారికి ఉపయోగపడుతుంది.

మొదటి ఆదివారం పౌడరు చల్లి చూశాను. కర్నూలు వారి అనుమానం సగం నిజమైంది. పైన బాంజో బోల్టు దగ్గర పౌడరు ఆవగింజంత తడిసింది. బోరు అడుగున, టాపెట్ గదికి సరిగ్గా కింద, వేలెడు పొడవున ముద్ద కట్టింది. రెండు చోట్లా కారుతోందన్నమాట. ఊపిరి గొట్టం రబ్బరును వేళ్లతో నొక్కాను. ఎండిన చింతకాయలా ఉంది, పెదవులు విడిపోవడం లేదు. కొత్తది వేశాను. రాగి వాషర్లు కాల్చి మెత్తబరిచాను.

నట్టును కొలిస్తే 15.2 వచ్చింది. పానా కోసం పాత ఇనుము అంగడిలో గంటసేపు గోనెసంచి కుమ్మరించి వెతికాను. పైన తుప్పు, కింద అక్షరాలు. ఆకురాయితో కాకుండా ఉమ్మితో, బొటనవేలితో రుద్దితే ఒక వైపు 5/16 అని, పక్కన 3/8 అని కనిపించాయి. ఆ రెండు అంకెలు చూడగానే అనంతపురం వారు గుర్తుకొచ్చి అక్కడే నిలబడి నవ్వుకున్నాను. అంగడి ఆయన బరువు తూచి ఇచ్చాడు.

దాన్ని సన్నం చేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. రాయికి తాకించడం, బకెట్టులో ముంచడం, సందులో పెట్టి చూడటం, మళ్లీ రాయి దగ్గరికి. మొదట ఎడమ పక్క అడ్డం పడింది. అది తగ్గించాక పిడి మెడ రాడ్డుకు తగిలింది. చివరకు రెండో రోజు దీపాలు పెట్టే వేళకు పానా లోపలికి జారి నట్టు మీద కూర్చుంది. ఎక్కడా ఆడలేదు. చేతికి ఆ పట్టు ఎలా తెలిసిందంటే, తలుపుకు గడియ పడినట్టుగా. వంచాల్సిన అవసరం రాలేదు.

బిగించింది రెండో ఆదివారం తెల్లవారి ఐదున్నరకు. మా ఊరి ఎండ సంగతి తెలిసిందే, ఏడు దాటితే ఇనుము ముట్టుకోలేం. పీలికలు కుక్కాను, వాటి చివరలకు ఎర్ర దారం కట్టాను. రాడ్లు వదులయ్యాక రెండు వైపులా పెన్సిలు మందం సందు వచ్చింది. నట్టును వదులు చేసేటప్పుడు పెద్దాయన చెప్పిన కిర్రు వినిపించింది. ముందే చెప్పి ఉండకపోతే స్టడ్డు విరిగిందనుకుని అక్కడే ఆపేసేవాణ్ని.

ఆ తరువాత ఇది ఇద్దరి పని అని తెలిసింది. నా చూపు పానా మీద, పుష్‌రాడ్డుకు అది తగలకుండా ఉండాలి. కాటా ముల్లు చూడటానికి మూడో కన్ను లేదు. నాన్న పీట తెచ్చుకుని పక్కన కూర్చున్నారు, కళ్లజోడు పెట్టుకుని ముల్లు చదివారు. నేను లాగుతుంటే ఆయన చెబుతూ పోయారు. ఆరు. ఎనిమిది. తొమ్మిదిన్నర. పానా బోర్లించు. మళ్లీ ఆరు. తొమ్మిది. పది. నా చేతికి ఇంకా సత్తువ ఉంది, ఇంకొంచెం లాగాలనిపించింది. కాగితం మీద రాసుకున్న అంకె రాగానే ఆయన "ఆగు" అన్నారు, ఆగాను. గోళ్ల రంగు గీత పాత చోటును దాటి గోరు వెడల్పు ముందుకు వచ్చింది. ఆ నట్టు అన్నేళ్లుగా అంత వదులుగా ఉంది.

టాపెట్లు మళ్లీ సర్దాను. చల్లటి ఇంజను మీద ఖాళీ లేకుండా, రాడ్డు మాత్రం వేళ్లతో హాయిగా తిరిగేలా. నాన్న తన వేలితో తిప్పి చూసుకున్నారు. ఎర్ర దారాలు లెక్కపెట్టి పీలికలు తీశాక మూత వేశాను. మూత నట్టును చేతి బిగువుకే వదిలేశాను. అది గట్టిగా తిప్పితే మూత వంగి, అదే మరో కారుడుకు మొదలవుతుందని నాన్న హెచ్చరించారు.

నూరు కిలోమీటర్లు తిరిగి మరోసారి చూశాను, నట్టు కదలలేదు. నిన్న ఘాటు ఎక్కాను. పాలకోవా అంగడి ముందు ఆపి తెల్లటి పంచె గుడ్డతో బోరు అడుగంతా తుడిచాను. దుమ్ము అంటింది, ఆయిలు అంటలేదు. పైన బాంజో దగ్గర సన్నటి చెమ్మ ఉంది, ఆ వాషరు ఒకటి కొత్తది వేస్తాను. ఆ గుడ్డను మడిచి ఇంటికి తెచ్చి నాన్నకు చూపించాను.

ఇక ఉలి దెబ్బ తిన్న బయటి నట్టు ఒకటి మిగిలింది. దాన్ని మార్చాలి. 3/8 నట్టు అడిగితే అంగట్లో రెండు రకాలు చూపించారు, రెండూ పానాకు ఒకేలా పడుతున్నాయి, మర వేరు. నాది ఏదో తెలుసుకునేది ఎలా?

గడియారస్తంభం, అనంతపురం

చాలా సంతోషం. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

3/8లో బీఎస్‌ఎఫ్ మరకు అంగుళానికి 20 చుట్లు, సైకిల్ మరకు (ఇంకా సన్నని బ్రిటిష్ మర) 26. నట్టు విప్పకుండానే తెలుస్తుంది. నట్టు పైన స్టడ్డు కొన చిన్నదైనా బయటికి ఉంటుంది కదా, దానికి పల్చటి కాగితం చుట్టి పెన్సిలుతో రుద్దండి. గీతలు కాగితం మీద పడతాయి. పావు అంగుళంలో ఐదు చుట్లు పడితే బీఎస్‌ఎఫ్, ఆరున్నర పడితే సైకిల్. కొత్త నట్టు వేలితో చివరి దాకా తిరగాలి. రెండు చుట్ల తరువాత పట్టేస్తే పానా పెట్టకండి, అది మీ నట్టు కాదు.

పాత ఫిట్టర్, ప్రొద్దుటూరు

ఆ నట్టు మూల పోయింది కాబట్టి నోటి పానా జారుతుంది. ఆరు మూలల రింగు పానా అయితే మిగిలిన ఐదింటినీ పట్టుకుంటుంది. అదీ జారితే బలవంతం చేయకుండా బండి ప్రొద్దుటూరు తీసుకురా. నా దగ్గర దానికి తగిన పానా ఉంది. మీ నాన్నను కూడా వెనక కూర్చోబెట్టుకుని రా, కాటా చదివేవాళ్లు కావాలి.